పని ప్రణాళికలో మైలురాళ్లు - కార్మికుని స్థానము

(ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



బి.యన్.ఆర్. కాలమున పొట్ట చేతబట్టుకొని వచ్చిన తెలుగువారి బిడ్డలు, మనుమలు ఈ క్వార్టర్లలో నివసించుచున్నారు. ఆవిరి యంత్రము పోయి డీజిల్, విద్యుత్తు వచ్చినపుడు మనము కొత్త పని నేర్చుకొన్నాము. నేడు సిగ్నలు, టిక్కెట్టు, మనియార్డరు అన్నియు సాఫ్ట్‌వేర్ మీద నడచుచున్నవి. ఆ పని ఏ వరుసలో సాగునో, ఎచ్చట పరీక్షింపబడునో తెలిసికొనుట మన హక్కు.

మన స్టేషనునే చూడుడు. 2014 నవంబరులో ఇచ్చట 800 రూట్ల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అమలులోనికి వచ్చినది. ఇట్టి పనికి మొదట యార్డు ప్లాను, దాని నుండి కంట్రోలు టేబులు, దాని నుండి ప్రోగ్రాము తయారగును. ప్రోగ్రామును ఫ్యాక్టరీలో పరీక్షింతురు. పిదప యార్డులో కేబుళ్లు, వైరింగు. ఒకరు ప్యానెలు వద్ద, మరియొకరు పట్టాల ప్రక్కన నిలిచి ప్రతి పాయింటును, ప్రతి సిగ్నలును సరిచూతురు. నాన్-ఇంటర్‌లాకింగ్ దినములలో పాయింట్స్‌మన్ చేతితో పాయింటు బిగించి తాళము వేయగా బండ్లు కదలును. కట్టకడపటిది ప్రారంభము.

ఇందులో ఏది పని, ఏది మైలురాయి? “వైరింగు జరుగుచున్నది” అనుట పని. “ప్రతి తీగయు డ్రాయింగుతో సరిపోయినది” అని బాధ్యులు చూచి సంతకము చేయుట మైలురాయి. “తొంబది పాళ్లు అయినది” అను మాటకు ప్రణాళికలో చోటు లేదు. పని అంచనా వేయకమునుపే ప్రారంభోత్సవపు తేదీ ప్రకటించుట, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లే. పని వెనుకబడినపుడు కోత పడునది పరీక్షలకే.

ఆ కోత ఖరీదు మన డివిజనుకు తెలియును. 2023 జూన్ 2న బహనాగా బజార్‌లో కోరమండల్‌కు మెయిన్ లైను సిగ్నలు ఉండగా బండి లూప్ లైనులోని గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించిరి. గతమున జరిగిన సిగ్నలు సర్క్యూటు మార్పులోను, 94వ నంబరు గేటు బారియరు మార్పిడి పనిలోను లోపములున్నవని రైల్వే భద్రతా కమిషనరు తేల్చిరి. 2022 మే 16న ఇదే డివిజనులోని బంకరానయాబాజ్ స్టేషనులో తప్పు వైరింగు వలన జరిగిన ఘటన తరువాత చక్కదిద్దియున్నచో ఈ ప్రమాదము తప్పెడిదనియు నివేదిక చెప్పినది. ప్రోగ్రాము తనకు తీగ చెప్పినదే నమ్మును. తీగను సరిచూడవలసినది మనిషి.

అంచెలంచెలుగా నడచిన పనియు మన ఎదుట కలదు. కంప్యూటరు రిజర్వేషను 1985లో న్యూఢిల్లీలో మొదలైనది. తరువాత కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికింద్రాబాదులకు వ్యాపించినది. ఈ అయిదు కేంద్రములు ఒకే వలగా కలిసినది 1999లో. ఒక మెట్టు నిలదొక్కుకొన్న పిదపనే మరియొక మెట్టు. తపాలా సోదరులకు 2025లో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినది. కొత్త తెర కదలనపుడు వరుసలో నిలిచిన ప్రజలకు జవాబు చెప్పునది కౌంటరు గుమాస్తాయే గాని తేదీ నిర్ణయించిన అధికారి కాదు.

కావున మేము కోరునది నాలుగు మాటలు. తేదీ నిర్ణయించుటకు ముందు పనిచేయువారి అంచనా తీసికొనవలెను. శిక్షణను డ్యూటీగా లెక్కించి ప్రణాళికలో దినములు కేటాయించవలెను. ఆలస్యమునకు కొన్ని దినములు విడిగా ఉంచవలెను. పరీక్ష పూర్తి కానిచో సంతకము చేయనన్న ఉద్యోగిని శిక్షింపరాదు.

మేము కంప్యూటరుకు విరోధులము కాము. కాని మన సంతకము వెనుక వేలాది ప్రాణములున్నవి. ప్రతి శాఖయు ఈ నాలుగు కోర్కెలను చర్చించి, తీర్మానించి, యాజమాన్యము ముందుంచవలెనని కోరుచున్నాము.