ఆటలలోని పక్షములు - పరువు లెక్క



ఎ.కొండూరు రచ్చబండ కడకు క్రొత్తవాడొకడు వచ్చి నిలిచినచో, పెద్దలడుగు మొదటి ప్రశ్న "ఎవరి తాలూకు?" అని. రెండవది, "మనిషి ఎట్టివాడు?" అని. ఈ రెండును వేరువేరు ప్రశ్నలు. ఈ భేదమును యంత్రమునకు నేర్పుట యెట్లు అనునదే నేటి ప్రసంగ విషయము.

మీ మనుమలు సెల్‌ఫోనులందును కంప్యూటర్లందును ఆడు ఆటలలో ఒక తెగ గలదు. అందొక కల్పిత దేశముండును. తిరువూరునుండి యొకడు, అమెరికానుండి యొకడు, ఇట్లు వేలకొలది జనము ఇంటర్నెట్టు మూలమున ఒకే సమయమున అందు ప్రవేశించి, తలకొక వేషము ధరించి సంచరింతురు. ఆ దేశమున వర్తకులు, కావలివారు, దొంగలు మున్నగు పక్షములు గలవు. వీరు మనుష్యులు కారు, యంత్రము నడపు బొమ్మలు. అయినను ఆటగాడు చేసిన మేలుకీడులను లెక్కించి, తదనుగుణముగ ఆదరించుటయో తరుముటయో చేయుదురు. దీనినే పరువు లెక్క యందము.

1999లో వెలువడిన ఎవర్‌క్వెస్ట్ అను ఆటయందు, ఒక పక్షమువానిని చంపినచో ఆ పక్షమున పరువు తగ్గి, వారి శత్రువుల యొద్ద పెరుగును. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ద్వేషము మొదలు పరమ గౌరవము వరకు మెట్లు ఎనిమిది. తటస్థుడు పై మెట్టు చేరుటకు వరుసగా 3000, 6000, 12000, 21000, వెరసి 42000 పాయింట్లు కూర్చుకొనవలెను. 2007లో దానికి చేర్చిన భాగమున ఆల్డర్, స్క్రయర్స్ అను రెండు పక్షములు గలవు. ఒకరి కడ 10 పాయింట్లు వచ్చినచో రెండవవారి కడ 11 పోవును.

లెక్క చక్కగనే యున్నది. కాని మనుష్యుడు ఒక్క అంకెలో ఇముడునా? కృష్ణకావలి పలనాటి వీరుల కథను తలచుకొనుడు. అలరాజు మాచెర్ల పక్షమువాడు; గురజాల నేలిన నలగామరాజునకు అల్లుడు. సంధి మాటలకై రాయబారిగా వెళ్లి విషప్రయోగమున మృతి చెందెనని కథ. పిమ్మట కార్యమపూడి రణము తప్పలేదు. పక్షము లెక్కలో అతడు పరుడు. బంధుత్వము లెక్కలో ఇంటివాడు. ఒక్క లెక్కయే చెల్లినచోట అల్లుడును మిగులడు, సంధియు మిగులదు.

కావున ఇట్టి ఆటను కల్పించువారు మూడు నియమములు పాటించుట మేలని నా తలంపు. మొదటిది, పక్షముతోడి లెక్కయు, ఆ పక్షమునందలి ఒక్కొక్క వ్యక్తితోడి లెక్కయు వేరుగ నుంచవలెను. మేలును కీడును సైతము ఒకదానితో నొకటి కొట్టివేయరాదు. ఒంటరిగా ఆడునట్టి ఫాలౌట్ న్యూ వెగాస్ అను 2010 నాటి ఆటలో మంచిపేరు, చెడ్డపేరు వేరువేరుగనే నిలుచును. పదిమందికి అన్నము పెట్టి ఒకని ఇల్లు తగులబెట్టినవాడు తటస్థుడు కాడుగదా!

రెండవది, వార్తకు కాళ్లుండవలెను. దెబ్బ పడిన క్షణముననే పక్షమంతయు ఎరుగుట లోకరీతి కాదు. చూచినవాడుండవలెను, చెప్పవలెను, విన్నవాడు నమ్మవలెను. చేసిన పనినే వేయిసార్లు చేసి పరువు కూడబెట్టుటయు తగదు. పదవసారి మేలునకు మొదటిదానికున్న విలువ యుండరాదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, తిరిగివచ్చు దారి. పైన చెప్పిన ఆల్డర్, స్క్రయర్స్ పక్షములలో మనసు మార్చుకొన్నవాడు కొన్ని సరకులు పలుమారు తెచ్చియిచ్చి మరల చేరవచ్చును. ఇది మంచి ఏర్పాటే. అయినను నష్టపడినవానికి నష్టము తీర్చి, మధ్యవర్తి యెదుట ఒప్పుకొనుట అంతకంటె మేలు. దారి లేనిచో, ఒకసారి తప్పినవాడు గతిలేక శత్రుపక్షములోనే ముదురును.

పెద్దలారా, ఇది పిల్లల ఆటయని త్రోసివేయకుడు. శత్రువును కొట్టినవాడే మిత్రుడను పాఠమును ఏండ్ల తరబడి ఆడి నేర్చుకొన్న కుర్రవాడు, రేపు ఊరి తగవునందును అదే లెక్క వేయవచ్చును. హైదరాబాదులో ఇట్టి ఆటలు తయారుచేయు సంస్థలు గలవు. తెలుగు యువకులు వానియందు పనిచేయుచున్నారు. అట్టివారు మీ యింటికి వచ్చినపుడు, పగపడిన రెండు కుటుంబములను మీరు ఏ మాటతో, ఎంత కాలమునకు ఒక పంక్తిని కూర్చుండబెట్టితిరో విడమరచి చెప్పుడు. యంత్రమునకు అంకెలు వారు నేర్పగలరు. రాజీ యెట్లు కుదురునో వారికి చెప్పవలసినవారు మీరే.