బిడ్డ అడవి చదువు చదువుతానంటే

అల్ రువైస్ నుంచి మాట్లాడుతున్న. ఖతార్ మ్యాపు తీస్తే కొసకు, భూమి అయిపోయి సముద్రం మొదలయ్యే కాడ మేమున్నం. నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివిన, ఇక్కడ ఒక సైట్ మీద సూపర్‌వైజర్‌ను. మా ఊరు మంచిర్యాల జిల్లా జన్నారం దిక్కు.

మా పెద్దబిడ్డ ములుగులో బీఎస్సీ ఫారెస్ట్రీ మూడో సంవత్సరం చదువుతున్నది. క్యాంపులో ఈ ముచ్చట ఎవరికి చెప్పినా రెండే ప్రశ్నలు. అడవిలో చదివేది ఏముంటది? చదివితే ఏం కొలువొస్తది? ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చినంక వేరే క్యాంపుల నుంచి కూడా ఫోన్లు చేసి అడిగిన్రు. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడే చెప్తున్న.

ముందు ఊరి సంగతి. ఇది సమ్మక్క జాతర జరిగే ములుగు కాదు. సిద్దిపేట జిల్లాలో, రాజీవ్ రహదారి మీద ఇంకో ములుగు ఉన్నది. హార్టికల్చర్ యూనివర్సిటీ కూడా అక్కడే. మా బామ్మర్ది బిడ్డను హాస్టల్‌లో దింపి రమ్మంటే వరంగల్ బస్సు అడగబోయిండు. కాలేజీ పేరు ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, సర్కారుది. తమిళనాడు మెట్టుపాళయంలో ఉన్న ఫారెస్ట్ కాలేజీని చూసి పెట్టిన్రు. 2016లో దూలపల్లి అకాడమీలో మొదలైంది, 2019 డిసెంబర్‌లో ములుగు క్యాంపస్‌కు వచ్చింది. కోర్సు నాలుగేళ్లు.

ఇక చదువు. నేను కూడా మొక్కలు నాటుడు, నీళ్లు పోసుడే అనుకుంటుంటి. మొదటి ఏడు ఒకరోజు బిడ్డ ఫోన్ చేసి, "బాపూ, చెట్టు ఎక్కకుండ ఎత్తెట్ల కొలుస్తవ్?" అని అడిగింది. కొంత దూరం పోయి నిలబడి, కోణం చూసి లెక్క కడతం అన్న. వాళ్లు చేసేదీ అదే. మన లెవెలింగ్, టేపు, రేంజింగ్ రాడ్ పని తెలిసినోళ్లకు సగం అర్థమైపోతది. చెట్టు చుట్టుకొలతను ఛాతీ ఎత్తున తీస్తరు, మన దేశంలో ఆ ఎత్తు 1.37 మీటర్లు అని ఖాయం చేసిన్రు. పడగొట్టిన మొద్దు అయితే చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, మళ్లా పొడవుతో గుణిస్తరు. 120 సెంటీమీటర్ల చుట్టు, 3 మీటర్ల పొడవు ఉన్న మొద్దుకు 0.27 క్యూబిక్ మీటర్లు వస్తది. "గుండ్రటి స్తంభం లెక్కన చూస్తే 0.34 రావాలె గద?" అని అడిగిన. బెరడు, రంపం కోత పోను చేతికొచ్చే కర్రకే ఆ లెక్క దగ్గర ఉంటదట. నేను రోజూ కాంక్రీట్‌కు వేస్టేజీ కలుపుత, వాళ్లు కర్రకు ముందే తీసేస్తరు.

ఇవే కాదు, నేల, విత్తనాలు, నర్సరీ, జంతువులు, పొలం గట్ల మీద టేకు, నీలగిరి, సుబాబుల్ పెంచుడు అన్నీ ఉంటయి. పోయిన చలికాలం శుక్రవారం పూట సముద్రం ఒడ్డున ఉన్న మడ చెట్లను వీడియో కాల్‌లో చూపించిన. బురదలోంచి మొలల లెక్క పైకి లేచి ఉన్నయి, చచ్చిన కొమ్మలేమో అనుకున్న. అవి గాలి పీల్చే వేర్లు అని చెప్పింది. కాకినాడ దగ్గర కోరింగ అడవిలో కూడా ఈ జాతి ఉంటదట, పేరు అవిసీనియా మెరీనా. ఇంకో మాట చెప్తే మనోళ్లు నమ్మరు. ఇక్కడ అరబ్బులు ఘాఫ్ అనే చెట్టు, దసరా నాడు మనం ఆకు పంచుకునే జమ్మి, రెండూ ఒకటే.

ఇప్పుడు అసలు ప్రశ్న, కొలువు. 2022 జనవరిలో తెలంగాణ కేబినెట్ ఈ కాలేజీ పిల్లలకు నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో కోటా ఒప్పుకున్నది. రేంజ్ ఆఫీసర్లలో 50 శాతం, అసిస్టెంట్ కన్జర్వేటర్లలో 25, ఫారెస్టర్లలో 25. వినడానికి బాగుంటది. కానీ కోటా ఉన్నంత మాత్రాన నోటిఫికేషన్ పడదు. సర్కారు కొలువుల కోసం ఏండ్ల తరబడి కూసున్న పిల్లలు మన ఊర్లల్లో ఎంతమంది లేరు! అందుకని ఆ ఒక్కదాని మీదనే ఆశ పెట్టుకొని పంపొద్దు. డెహ్రాడూన్‌లో పీజీ ఉన్నది, ఐఎఫ్ఎస్ పరీక్ష ఉన్నది, భద్రాచలం కాడి ఐటీసీ లాంటి పేపర్ మిల్లులకు తోటలు పెంచే పని ఉన్నది. ఐఎఫ్ఎస్‌కు నడక పరీక్ష కూడా ఉంటది. నాలుగు గంటల్లో మగోళ్లు 25 కిలోమీటర్లు, ఆడోళ్లు 14 నడవాలె.

మా ఇంటామె భయం కొలువు గురించి కాదు. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో రేంజ్ ఆఫీసర్ అనిత ట్రాక్టర్ మీద నిలబడి ఉంటే కట్టెలతో కొట్టిన వీడియో ఆమె టీవీలో చూసింది. 2022 నవంబర్ 22న చండ్రుగొండ దిక్కు రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును చంపేసిన్రు. రెండూ మొక్కలు నాటే జాగల కాడ భూమి గొడవలే. "గట్లాంటి కొలువుకు బిడ్డను పంపుతవా?" అంటది. నేనేం చెప్పాలె? మాది కవ్వాల్ పక్క ఊరు. 2012లో టైగర్ రిజర్వ్ అయినంక కట్టె తెచ్చుకునుడు, పశువులను తోలుడు ఎట్ల కష్టమైందో చూసినం. మా మేనమామ పోడు చేసి బతికినోడే. రేపు నా బిడ్డ ఖాకీ వేసుకొని నిలబడితే ఎదురుంగ ఉండేది మనోళ్లే కావచ్చు.

ఈ మాట బిడ్డతోనే అన్న. అటవీ హక్కుల చట్టంలో 2005 డిసెంబర్ 13 అని ఒక తేదీ ఉన్నదట. ఆ తేదీకి ముందు నుంచి ఎవరు దున్నుతున్నరు అన్నదే మొదటి ప్రశ్న అన్నది. "అది తేల్చకుండ గుంతలు తవ్వబోతే కొట్లాటే అయితది బాపూ. నేనైతే ముందు తాత అసొంటోళ్లను అడుగుత" అన్నది. చెప్పినంత సులువు కాదు, పైనుంచి ఆర్డర్ వస్తే అడిగే టైము ఇస్తరో ఇయ్యరో. మా ఇంటామెకు ఇంకా ఒప్పుదల లేదు. ఫోన్ చేస్తే "బ్యాంకు పరీక్షలు రాయమను" అనే అంటున్నది.

నా అగ్రిమెంట్ వచ్చే మార్చిలో అయిపోతది. మోకాళ్లు ఇంటికి పొమ్మంటున్నయి. పీజీకి పోతే బిడ్డకు ఇంకో రెండేండ్లు ఖర్చున్నది, అందుకే రెన్యూవల్‌కు సంతకం పెట్టిన.

అడిగిన అన్నలకు ఒక్కటే చెప్త. కాలేజీ నోటిఫికేషన్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూడండి, ఏజెంటు చెప్పిన తేదీలు నమ్మకండి. ఫీజు కట్టే ముందు పిల్లకో పిలగానికో ఫోన్ చేసి, ఎండలో పొద్దంతా నడుసుడు ఇష్టమేనా అని అడగండి. మాట్లాడేటప్పుడు పక్కన చుట్టాలు లేకుండ చూసుకోండి.