కాగితపు గాలిమర
(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



చైత్ర వైశాఖములు వచ్చినంతనే కోల్‌కతాలోని ప్రతి తెలుగు ఇల్లాలును సాయంకాలము కిటికీ తలుపులు మూయుటకు తొందరపడును. కాలవైశాఖి భయ మట్టిది. 2020 మే 20వ తేదీన వచ్చిన అంఫాన్ తుపాను ఈ నగరమున వేలకొలది వృక్షములను కూల్చినది. గాలికి బలము కలదని ఇచ్చటి పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. అయినను పరీక్షలో పవనశక్తిని గూర్చి అడిగినచో, వారు వల్లించిన రెండు పంక్తులు వ్రాసి ఊరకుందురు. కన్నది వేరు, చదివినది వేరు అయిపోయినది. ఈ రెంటిని కలుపుట యెట్లు?

డెన్మార్కు దేశమున ఒక ఉపాధ్యాయుడు ఇందుకు మార్గము చూపెను. ఆస్కోవ్ ప్రజావిద్యాలయమున బోధించుచుండిన పౌల్ లా కూర్ 1891లో విద్యాలయము చెంతనే గాలిమరను నిర్మించి విద్యుత్తును పుట్టించెను. రెక్కలపై ప్రయోగములు సాగించి, పెక్కు రెక్కలతో మెల్లగా తిరుగు మరకంటె కొలది రెక్కలతో వడిగా తిరుగు మర విద్యుత్తునకు మేలని గ్రహించెను. 1904లో ఆయన వద్ద చదివిన యోహానెస్ యూల్ 1957 నాటికి గెడ్సర్ వద్ద 200 కిలోవాట్ల మూడు రెక్కల మరను నిలిపెను. నేటి మహాయంత్రములకు అది మార్గదర్శకమైనది. పాఠశాల ప్రయోగము అర్ధశతాబ్దమునకు ఇట్లు ఫలించినది.

ఈ నగరమున గురుసదయ్ రోడ్డులో 1959 మే 2న తెరచిన బిర్లా పారిశ్రామిక సాంకేతిక మ్యూజియమును పిల్లలు మీట నొక్కి, చక్రము త్రిప్పి నేర్చుకొను పద్ధతినే చేపట్టినది. 1965 నుండి ప్రదర్శనలను మోటారు బండిపై ఊళ్లకు పంపసాగినది.

ఆ పని ఇంటను సాగును. అట్టముక్కలను రెక్కలుగా కత్తిరించి సీసా బిరడాకు గ్రుచ్చి, ఆటబొమ్మలోని చిన్న మోటారు ఇరుసునకు తగిలించి, బల్లపంకా యెదుట నుంచవలెను. తీగలను వోల్టుమీటరునకు కలిపినచో ముల్లు కదలును. కరెంటుతో తిరుగు మోటారే, త్రిప్పినపుడు కరెంటు నిచ్చునని బాలుడు కన్నులార చూచును. పిదప రెక్కల సంఖ్య, వాలు, పంకా దూరము ఒక్కొక్కటిగనే మార్చవలెను. రెండింటి నొకేసారి మార్చినచో ఫలము దేనివలన కలిగినదో తెలియదు. ఈ నియమము నేర్చిన బాలుడు సగము శాస్త్రము నేర్చినట్లే.

గాలివేగము రెట్టింపైనచో అందలి శక్తి ఎనిమిది రెట్లగును. కావుననే రాయలసీమలో రామగిరి కొండలవంటి గాలిచోట్లు వెదకి మరలు నాటిరి.

"పంకాకు ఖర్చైన కరెంటుకంటె వచ్చినది తక్కువ గదా, లాభమేమి?" అని చురుకైన బాలిక అడుగవచ్చును. ఆమెను కసరరాదు. ఆ ప్రశ్నయే పాఠమునకు ప్రాణము. ఆరుబయట పంకాను త్రిప్పువాడు సూర్యుడు. ఆయన బిల్లు పంపడు. అయినను గాలిలోని శక్తిలో నూటికి 59 పాళ్లకు మించి ఏ మరయు గ్రహింపజాలదని బెట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నిరూపించెను.

బదిలీలపై తిరుగు ఉద్యోగుల పిల్లలకు ఒక యేడు తెలుగు, ఒక యేడు హిందీ, మరియొక యేడు బంగాళీ చెవిని పడును. బడి మారినపుడెల్ల పారిభాషిక పదములు మారును. చదువులో వెనుకబడితిమని పసిమనసులు క్రుంగును. రెక్క తిరుగుట మాత్రము ఏ భాషయందును మారదు. తన చేతితో చేసి చూచినదానిని ఏ బదిలీయు బాలునినుండి తీసివేయజాలదు.

తాటాకును తుమ్మముల్లుకు గ్రుచ్చి తాతలు చేసియిచ్చిన గాలిమరలు పెద్దలకు గుర్తుండును. ఈ ఆదివారము వారు పిల్లలతో కూర్చుండి మరల ఒకటి చేయుదురు గాక.