ఎవరి సబక్ వారిదే

(కె.గంగవరంలో జరిగిన దాతల సమావేశంలో సొసైటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



“పిల్లలకు తలా ఒక ట్యాబు కొనిస్తే చదువు బాగుపడదా?” అని మీలో చాలామంది అడుగుతున్నారు. మీ సొమ్ముకు మేము జవాబుదారులం కనుక ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు మన మక్తబ్‌ను గుర్తు చేసుకోండి. ఇరవైమంది పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. ఒకడు అలిఫ్ బే దగ్గర ఉంటాడు, ఇంకొకడు ముప్పయ్యో పారా చదువుతుంటాడు. ఉస్తాద్ ఒక్కొక్కరినీ దగ్గరకు పిలిచి సబక్ వింటారు. సరిగా రాకపోతే రేపు కూడా అదే సబక్. వస్తే ముందుకు. పాతది మరిచిపోకుండా ఆమోఖ్తా కూడా అప్పజెప్పించుకుంటారు. ఎవరి సబక్ వారిదే.

బడిలో ఇది కుదరదు. టీచరు ఒక్కరు, పిల్లలు నలభైమంది, సిలబస్ ఒకటే. తప్పు టీచరుది కాదు. మా సాయంత్రం తరగతికి వచ్చే ఏడో తరగతి బాబు ఒకడు శాతాల లెక్కలు చేయలేకపోతున్నాడు. వెనక్కి వెళ్ళి చూస్తే, 52లోంచి 27 తీసేయమంటేనే తడబడ్డాడు. అప్పు తెచ్చుకునే తీసివేత దగ్గరే వాడు ఆగిపోయాడు. పాఠాలు మాత్రం వాడిని దాటుకుంటూ వెళ్ళిపోయాయి.

వీడొక్కడే కాదు. ఢిల్లీలో 2015లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించిన ఆర్థికవేత్తలు, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారని గుర్తించారు. ఆ సాఫ్ట్‌వేర్ చేసేది మన ఉస్తాద్ చేసే పనే. ప్రశ్న అడుగుతుంది. జవాబు తప్పితే ఒక మెట్టు కిందికి దిగుతుంది, సరైతే పైకి తీసుకెళుతుంది. నాలుగున్నర నెలల్లోనే ఆ పిల్లలు లెక్కల్లోనూ హిందీలోనూ మిగతావారికంటే బాగా ముందుకు వచ్చారు. మన రాష్ట్రంలోనూ కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో ఇలాంటి పద్ధతి పెట్టారు. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందినవారిలో ఒకరైన మైఖేల్ క్రెమర్ బృందం దాన్ని పరిశీలించింది.

అయితే యంత్రం కొంటే చాలనుకోకండి. పెరూ దేశంలో బడిపిల్లలకు లాప్‌టాప్‌లు పంచారు. లెక్కల్లో గానీ భాషలో గానీ మార్కులు పెరగలేదని 2012లో తేలింది. మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు ఇచ్చారు. వీడియో పాఠం ఎంత బాగున్నా అందరికీ ఒకటే పాఠం. తీసివేత రానివాడికి శాతాల వీడియో ఏం ఉపయోగం?

ఇంకో మాట. ఢిల్లీలో రోజూ 45 నిమిషాలు కంప్యూటరు దగ్గర గడిస్తే, మరో 45 నిమిషాలు టీచరు దగ్గర గడిచాయి. పిల్లవాడు నాలుగు రోజులుగా ఎందుకు రావడం లేదో యంత్రం అడగదు. అమ్మ గల్ఫ్‌లో ఉందని, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్నతో పనికి వెళ్ళిపోతుందని దానికి తెలియదు.

అందుకే తలా ఒక ట్యాబు వద్దంటున్నాం. పది చాలు, ముప్పైమంది పిల్లలు మూడు జట్లుగా వాడుకుంటారు. మిగిలిన సొమ్ముతో ఒక టీచరును పెడదాం. మొదటి వారం ట్యాబు తెరవకుండా ప్రతి బిడ్డనూ విడిగా కూర్చోబెట్టి, ఎక్కడ ఆగిపోయిందో రాసుకుందాం.

ఈ ఖర్చుకు జకాత్ సొమ్ము ముట్టుకోం. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ అర్హులైన పేదల సొంతం కావాలి. అది వారి చేతికే చేరుస్తాం. ఉమ్మడి ట్యాబులకు, టీచరు జీతానికి మీరు విడిగా ఇచ్చే సదఖా, విరాళాలనే వాడతాం.

ఖుర్ఆన్‌లో మొట్టమొదట అవతరించిన ఆజ్ఞ చదవమనే. వచ్చే ఏడాది ఈ సంచికలో ఎంతమంది ఎన్ని మెట్లు ఎక్కారో, ఎక్కలేనివారు ఎంతమందో రెండూ అచ్చువేసి మీ ముందు పెడతాం. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.