దేవేందర్ గౌడ్ దించిన జెండా
(అన్నోజిగూడలో చేసిన ప్రసంగ పాఠం)



తూళ్ల దేవేందర్ గౌడ్‌ను మన మేడ్చల్ 1994, 1999, 2004ల్లో మూడుసార్లు అసెంబ్లీకి పంపింది. హోంమంత్రి అయిండు. తెలుగుదేశంల చంద్రబాబు తర్వాత ఆయనే అన్నరు. అంత పెద్ద కుర్సీ చూసినోడు 2008ల తెలంగాణ కోసమని ఆ పార్టీని ఇడిసిపెట్టి, నవ తెలంగాణ పార్టీ పెట్టిండు. అది చిన్న ధైర్యం కాదు, ఒప్పుకోవాలె.

కానీ ఏడాది తిరగకముందే దాన్ని తీస్కపోయి ప్రజారాజ్యంల కలిపిండు. 2009ల ఓడి, మళ్ల పాత గూటికే చేరిండు. ఆ పార్టీయే 2012ల రాజ్యసభకు పంపింది. 2014 ఫిబ్రవరి 20న మన రాష్ట్ర బిల్లు ఆ సభ దాటిన నాడు ఆయన సభ్యుడే. సొంత జెండా మాత్రం లేదు.

2011ల సకల జనుల సమ్మెకు దిగిన ఉద్యోగులు జీతం లేకుండ 42 రోజులు నిలవడ్డరు. వాళ్లకు ఏ రాజ్యసభ సీటూ ఎదురుచూడలే.