పెద్దపేగు పుండ్లు, బాగున్నప్పటి పరీక్ష
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మలంలో రక్తం పడితే మన ఇళ్ళలో మొదట వచ్చే మాట మొలలు. కొన్నాళ్ళు కారం మానేసి, ఏదో పసరు మింగి ఊరుకుంటాం. రక్తం, జిగట విరేచనాలు వారాల తరబడి తగ్గకపోతే అది అల్సరేటివ్ కొలైటిస్ కావచ్చు. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బది. క్రోన్స్ వ్యాధి దానికి దాయాది. ఐ.బి.ఎస్. అనేది వేరు, దానివల్ల క్యాన్సర్ రాదు. పేర్లు దగ్గరగా ఉండటంతో కొందరు ఊరికే హడలిపోతుంటారు.

వాపు ఏళ్ళ తరబడి ఆరకపోతే పేగులోని కణాలు క్యాన్సర్ వైపు మళ్ళవచ్చు. 2001లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న నూరుమందిలో పదేళ్ళకు 2, ఇరవై ఏళ్ళకు 8, ముప్పై ఏళ్ళకు 18 మందికి పెద్దపేగు క్యాన్సర్ రావచ్చని లెక్కగట్టింది. తర్వాతి లెక్కలు చాలావరకు ఇంతకన్న తక్కువే చూపాయి. జబ్బు మలాశయం దాటనివారికి ముప్పు దాదాపు అందరితో సమానం. పేగంతా పాకినవారికి, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఈ క్యాన్సర్ ఉన్నవారికి ఎక్కువ. పి.ఎస్.సి. అనే పిత్తనాళాల జబ్బు తోడైతే మరీ ఎక్కువ.

అందుకని లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్ళకు కొలనోస్కోపీ చేయించాలి. తర్వాత ముప్పునుబట్టి ఏడాదికో, కొన్నేళ్ళకో ఒకసారి. పి.ఎస్.సి. ఉంటే అది తెలిసినప్పటి నుంచే ఏటా. "బాగానే ఉన్నాను గదా డాక్టరు గారూ, గొట్టం ఎందుకు?" అంటారు. బాగున్నప్పుడే చూడాలి. వాపు మీదున్న పేగులో చెడ్డ కణాన్ని పోల్చుకోవడం కష్టం. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం వద్దు. ముందుదశలో దొరికినదాన్ని చాలాసార్లు ఆ గొట్టంతోనే తీసేయవచ్చు.

బాగుందని మందు మానేస్తే వాపు తిరగబెడుతుంది. రంజాన్ నెలలో పగలు వేసుకోలేమని ఆపేసేవాళ్ళున్నారు. మెసలమైన్ చాలామందికి రోజుకోసారి సరిపోతుంది. ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చా అని ముందే డాక్టరును అడగండి. ఉపవాసం ఉండదగిన స్థితేనా అన్నదీ అప్పుడే తేలుతుంది.

ఇక సంఘానికో మనవి. పరీక్షకు ముందు మందునీళ్ళు తాగి మరుగుదొడ్డికి తిరుగుతూనే ఉండాలి. మత్తు ఇస్తే ఒంటరిగా ఇంటికి పంపరు. ఫీజు సర్దుకున్నా వెంట వచ్చే మనిషి లేక వాయిదా వేసుకున్న ఆడవాళ్ళను చూశాను. ఆ ఒక్కపూట తోడు వెళ్ళగలిగిన వారి పేర్లు, ముఖ్యంగా మహిళలవి, ఆఫీసులో రాసిపెట్టుకోండి.