అడవి, అగ్ని, వ్యవధి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ఉపన్యాస పాఠము)



భారతమున ఆదిపర్వము ఖాండవ దహనముతో ముగియుచున్నది. కృష్ణార్జునుల తోడ్పాటుతో అగ్నిదేవుడు ఆ మహావనమును ఆరగించెను. కథ వినువారి మనస్సు గాండీవముపై నిలుచుట సహజము. కాని ఆ కథలో మరియొక లెక్క కలదు. అంతటి మంటలోనుండి ఆరు ప్రాణములు మాత్రము బ్రతికి బయటపడినవి: తక్షకుని కుమారుడగు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షి పిల్లలు. కాలినదానిని వర్ణించి ఊరకుండక, మిగిలినదానిని లెక్కించి చెప్పుట ఆ కథలోని విశేషము. నేటి అరణ్యశాస్త్రజ్ఞుడును కాలిన యడవిలో అడుగిడినంతనే అడుగు మొదటి ప్రశ్న ఇదియే: ఏమి మిగిలినది? అతని రెండవ ప్రశ్న అంతకంటె ముఖ్యమైనది: ఇది మరల ఎన్నేండ్లకు కాలును?

తెలుగునాట అడవులలో అధికభాగము ఆకురాల్చు ఎండుజాతి యడవులు. టేకు, నల్లమద్ది, చిరుమాను, ఏగిస మొదలగు చెట్లు శీతకాలము గడచునప్పటికి ఆకు రాల్చును. ఆ యాకును, ఎండిన బోదగడ్డియు కలిసి నేలపై పరుపువలె పడియుండును. మార్చి, ఏప్రిల్ నెలలలో గాలిలో తేమ తగ్గి ఎండ ముదిరిన పిమ్మట ఆర్పని బీడీముక్క యొకటి చాలును. ఈ మంట సాధారణముగా నేలనంటి పాకును. చెట్ల తలలమీదుగా దూకుట అరుదు. పెద్దచెట్టు మందమైన బెరడుతో దానిని ఓర్చుకొనును. తునికి, మోదుగ వంటివి పైన కాలినను వేరునుండి మరల చిగురించును. టేకు గింజ గట్టి పెంకులో దాగియుండును. కావున ఒక్కసారి కాలినంత మాత్రమున ఈ యడవి చావదు. ఇది అగ్నితో చిరకాలము కాపురము చేసిన యడవి.

మరి యెప్పుడు చచ్చును? పిల్లమొక్క మంట అందని యెత్తునకు ఎదుగుటకును, దాని బెరడు దళసరి యగుటకును కొన్ని సంవత్సరముల శాంతి కావలెను. ఏటేట కాలినచో ఆ మొక్క ప్రతి వేసవికి నేలమట్టమై, ప్రతి తొలకరికి మొదటినుండి ఎదుగవలసివచ్చును. పెద్దచెట్లు నిలిచియుండుటచే చూచువారికి అడవి పచ్చగానే తోచును. కాని ముసలివారు తప్ప పసివారు లేని ఇల్లెట్టిదో ఆ యడవియు అట్టిది. పెద్దచెట్టు కూలిననాడు దాని చోటు తీసికొను చెట్టు ఉండదు. అప్పుడు ఆ ఖాళీలోనికి గడ్డియు, లాంటానా యను పులికంపయు వచ్చును. 19వ శతాబ్దారంభమున పూలకొరకు ఈ దేశమునకు తేబడిన ఆ కంప కాలినను మొదటినుండి చిగురించును; దాని పండ్లు తిన్న పక్షులు విత్తనములను కొండకొండకు చేరవేయును. అడవి పేరు పటములో అట్లే యుండును. అడవి మాత్రము మారిపోవును.

అగ్ని యొక్కటి, వ్యవధి వేరొకటి అను సత్యమునకు అమెరికాలోని యెల్లోస్టోన్ వనము మంచి నిదర్శనము. 1988లో అచట సుమారు 8 లక్షల ఎకరములు అగ్నిపాలైనవి. అడవి నశించినదని పలువురు వాపోయిరి. కాని అచటి పైన్ వృక్షములలో అనేకములకు జిగురుతో మూతపడిన కాయలుండును. వేడి తగిలిననే అవి విచ్చుకొనును. ఆ బూడిదలోనుండి లెక్కకు మిక్కిలిగా మొలకలు లేచినవి. అట్లు లేచిన లేతయడవిలో కొంతభాగము 2016లో తిరిగి కాలినది. ఈసారి మొలకలు ఎంతో పలుచగా మాత్రమే వచ్చినవి. వందల యేండ్ల వ్యవధికి అలవాటుపడిన యడవికి ఇరువదియెనిమిదేండ్ల వ్యవధి చాలలేదు. అగ్ని అదియే, చెట్టు అదియే. నడుమనున్న కాలము మాత్రము కుదించుకపోయినది.

మన కొండలలోని మంటలలో అత్యధికభాగము మనుష్యులు చేజేతుల పెట్టునవి లేక ఏమరుపాటున పుట్టునవి. ఇప్పపూవు ఏరుకొనుటకు చెట్టుక్రింది చెత్త కాల్చుట, కొత్తగడ్డి మొలచునని వాలుకు నిప్పుపెట్టుట, తునికాకు లేతగా వచ్చునని పొదలు తగులబెట్టుట అందరెరిగినవే. వీరు అడవికి శత్రువులు కారు. అడవియే వీరి జీవనము. అయినను ఒక చెట్టుక్రింద పెట్టిన నిప్పు ఆ చెట్టుక్రిందనే యుండునని ఎవరు పూచీపడగలరు? 2014 మార్చిలో తిరుమల శేషాచలము కొండలలో చెలరేగిన మంటలను ఆర్పుటకు వైమానికదళపు హెలికాప్టర్లు నీరు మోయవలసివచ్చెను. నష్టము కొండతోను ఆగదు. ఆకు, గడ్డి కాలిపోయిన వాలుపై తొలకరివాన నేరుగాపడి, బూడిదతోబాటు పైమన్నును వాగులోనికి, వాగునుండి చెరువులోనికి దింపును. కొండమీద కాలినది చెరువులో పూడికయై తేలును. ఆయకట్టు రైతు తనకు అడవితో పనిలేదని చెప్పుటకు వీలులేదు.

ఇక వ్యవధి బొత్తిగా లేనిచో ఏమగును? దానికి దృష్టాంతము హైదరాబాదు నడిబొడ్డున కలదు. చదువులకై అమీర్‌పేటకును, చికిత్సకై పంజాగుట్టలోని నిమ్సు ఆసుపత్రికిని పోయినవారు గ్రామమున పలువురు గలరు. అచట నేడు కంప్యూటరు శిక్షణాలయముల పలకలును, తలపై మెట్రోరైలు వంతెనయు కనబడును. 2017లో మొదలైన ఆ రైలు మార్గములు రెండు అమీర్‌పేటలోనే కలియుచున్నవి. గుట్ట యన్న మాట పంజాగుట్ట పేరులో నిలిచినదే కాని, గుట్టను చూడవలెనన్న వెదకవలసియుండును. ఆ నేల సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి నల్లసేనపు రాతినేల. అట్టి రాతి సందులలో తుమ్మ, చండ్ర, సీతాఫలము వంటి చెట్లు, ముండ్లపొదలు పెరుగును. నరికినను, కాలినను, మేపినను, కొంతకాలము విడిచిపెట్టినచో అట్టి పొదయడవి మరల లేచును. సిమెంటు పరచిన చోట మాత్రము లేవదు. మంట ఒక దినమున ఆరును, గొడ్డలి ఒక సంవత్సరము విశ్రమించును, పునాది విశ్రమించదు.

అచటినుండి పడమటికి కొద్ది మైళ్లు పోయినచో జూబిలీహిల్స్ చెంత కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానవనము కనబడును. 1990వ దశకమున జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఆ చోటు సుమారు 350 ఎకరములు. చుట్టును నగరమే. అయినను లోపల అవే రాళ్లు, అవే పొదలు, వానితో నెమళ్లును గలవు. రెండుచోట్ల నేల ఒక్కటే. ఒకదానికి వ్యవధి దొరికినది, ఒకదానికి దొరకలేదు. ఖాండవములో మిగిలిన ఆరు ప్రాణములవలె ఇట్టి తునుకలే రేపటి విత్తనమునకు ఆధారము.

అమీర్‌పేటకు ఉత్తరమున బాలానగరులో జాతీయ దూరసంవేదన కేంద్రము కలదు. 1974లో ఏర్పడిన సంస్థ 2008లో ఇస్రో కేంద్రముగా మారి ఆ పేరు పొందెను. షాద్‌నగరు వద్దనున్న దాని గ్రాహకకేంద్రము ఉపగ్రహములు పంపు సమాచారమును అందుకొనును. డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహముల సాయమున కార్చిచ్చుల కబురును రాష్ట్రములకు అందించుచున్నది. 2011లో ఎగిరిన సువోమి యను ఉపగ్రహము నేలను 375 మీటర్ల గళ్లుగా చూచి మంటను పసిగట్టును. ఒక గడి యన దాదాపు 35 ఎకరములు. ఆ గడిలో మంట యున్నదని చెప్పునే కాని, ఏ బండచాటున, ఏ పనికొరకు నిప్పు రాజుకొనెనో అది చెప్పజాలదు. అది తలమీదుగా పోవు వేళల నడుమ పుట్టి ఆరిన చిన్నమంట దాని కంటబడకయు పోవచ్చును. ఆకాశమునుండి తెలియునది కొంత, నేలమీద నిలిచినవానికి తెలియునది కొంత. రెండును కలిసిననే అడవి చరిత్ర పూర్తియగును.

అగ్నిని బొత్తిగా వెడలగొట్టుటయు మార్గము కాదు. చెత్త పేరుకొన్న కొలది రాబోవు మంట పెద్దదగును. అందుకే అటవీశాఖవారు వేసవికి ముందే గీతలుగా గడ్డి కోసి, అదుపులో కాల్చి, అగ్నిరేఖలు తీయుదురు. ఇప్పచెట్టు క్రింద నిప్పుపెట్టుటకు మారుగా చీపురుతో ఊడ్చి వస్త్రము పరచినచో పూవు శుభ్రముగను దొరకును, కొండయు దక్కును. ఏ గుట్టకు ఎన్నేండ్లు విశ్రాంతి దొరికినదో తెలిసిననే ఏది కాపాడవలెనో, ఎచట గీత తీయవలెనో తెలియును. అది జ్ఞాపకముమీద నడుపదగిన లెక్క కాదు. నిరుటి మంటయు మొన్నటి మంటయు మనుష్యుని స్మృతిలో కలిసిపోవును.

పొలమునకు అడంగలు ఉన్నది. ఏ సర్వే నంబరులో ఏ పైరు వేసిరో ఏటేట వ్రాయబడుచున్నది. గుట్టకు మాత్రము అట్టి పుస్తకము లేదు. అది యుండదగిన చోటు గ్రంథాలయమే. మంట పుట్టిన తేదీ, చోటు, తెలిసినంతవరకు కారణము, అది నడచిన దినములు, ఆర్పిన విధము, తొలకరి తరువాత మొలచినవి: ఈ ఆరు గడులు చాలును. నిప్పుపెట్టినవాని పేరునకు గడి యక్కరలేదు. పేరు వ్రాయునెడల నిజము చెప్పువారు రారు. పశులకాపరి చెప్పినను, కట్టెలమోపు స్త్రీ చెప్పినను వ్రాసికొనవలెను. వారికంటె ముందుగా పొగ చూచువారు ఊరిలో లేరు.

ఈ ఫాల్గుణమునందే ఆ పుస్తకము మొదలైనచో, గ్రంథాలయ స్వర్ణోత్సవమునాటికి అందు ఇరువదియైదు వేసవుల లెక్క యుండును. ఏ గుట్ట ఎన్నిమారులు కాలెనో, ఏ వాలుపై టేకుమొక్క మంటను దాటి చెట్టైనదో, ఏ వాలును పులికంప ఆక్రమించెనో అప్పటివారు వేలుపెట్టి చూపగలరు. ఆ పుస్తకమునకు మొదటి పుట గీయు పని నేటి పాఠకులది.